మహా వానరానికి పులిహోర

గురువారం సాయంత్రం ఆరు దాటాక, వంటింటి సింకు దగ్గర మా అమ్మాయి లంచ్ బాక్సు మూత తీశాను. లోపల ఏమీ లేదు. అలా ఏమీ లేకపోవడం చూసే నాకు మొదటిసారి భయం వేసింది.

ఖాళీ బాక్సు చూస్తే ఏ తల్లైనా సంతోషిస్తుంది. అంతకు ముందు వారమంతా నేనూ సంతోషించాను. ఒక ఇడ్లీని ముప్పావు గంట తినే ఏడేళ్ళ పిల్ల, కట్టిచ్చినదంతా స్కూల్లో తిని వస్తోందని ఆఫీసులో పక్క సీటు అమ్మాయికి కూడా చెప్పుకున్నాను. కానీ ఆ రోజు నేను కట్టింది పులిహోర. పులిహోర తింటే మా అమ్మాయి కరివేపాకు, ఎండుమిరపకాయ ముక్కలు ఏరి, బాక్సులో ఒక మూలకి నెట్టి, వాటిని భద్రంగా ఇంటికి తెస్తుంది. ఆ రోజు మూలలో ఒక్క కరివేపాకు కూడా లేదు. పసుపు మరక, నూనె జిడ్డు, అంతే. ఇది తిన్న బాక్సు కాదు, ఒంపేసిన బాక్సు.

చెయ్యి తుడుచుకుని హాల్లోకి వచ్చాను. అక్కా తమ్ముడూ నేల మీద కూర్చుని రంగులు వేసుకుంటున్నారు. అమ్మాయి స్కర్టు నడుము దగ్గర ఒక పిన్నీసు కనిపించింది. నేను పెట్టింది కాదు. స్కర్టు జారిపోతోందని పిల్లల్ని చూసుకునే ఆయమ్మ పెట్టిందట.

పులిహోర ఎవరు తిన్నారని అడిగాను. అమ్మాయి పెన్సిల్ చెక్కుకోవడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళ మా అబ్బాయి మాత్రం తల ఎత్తకుండానే చెప్పాడు.

"కోతి తింది. పెద్ద కోతి."

అక్క వాడి మోచేతిని గిల్లింది. ఏ కోతో నాకు అప్పుడే అర్థమైంది. ఆ కోతిని మా ఇంటికి తెచ్చింది నేనే.

అంతకు మూడు వారాల ముందు మా అమ్మాయికి ముందు పన్ను ఊడింది. మా కాకినాడ వైపు నా చిన్నప్పుడు పాలపన్ను ఊడితే పెంకుల మీదికి విసిరేవాళ్ళం. నార్సింగిలో మేముండేది తొమ్మిదో అంతస్తు. మా పైన ఇంకో పదకొండు అంతస్తులున్నాయి. ఆ పైన ఉన్న డాబాకి తాళం. విసరడానికి కప్పు లేక పన్నుని అగ్గిపెట్టెలో దాచి, పిల్ల చిన్నబుచ్చుకుంటే దంతాల గురించి ఏదైనా వింత చెబుదామని ఫోన్లో వెతికాను. అప్పుడు దొరికింది ఆ మహా వానరం.

లక్షల ఏళ్ళ క్రితం చైనా దక్షిణాన, సున్నపురాతి కొండల మధ్య అడవుల్లో అది తిరిగేదట. తోక లేదు. మా హాల్లో లేచి నిలబడితే తల సీలింగుకి తగులుతుంది. భూమి మీద అంతకన్నా పెద్ద వానరం ఎప్పుడూ పుట్టలేదట. అంత జంతువు గురించి మనకి తెలిసినదంతా నాలుగు దవడ ముక్కలు, బోలెడన్ని విడి దంతాలు చెప్పినదే. ఒక చేతి ఎముక లేదు, ఒక పక్కటెముక లేదు. మొదటి దంతం దొరికింది కూడా అక్కడి నాటుమందుల అంగడిలోనట. డ్రాగన్ కోరలని చెప్పి పొడి చేసి అమ్మే ఎముకల్లో ఒక దంతాన్ని చూసి ఒక శాస్త్రవేత్త ఆగిపోయాడట. అప్పటికి ఎన్ని దంతాలు ఎవరెవరి జ్వరాలకో పొడైపోయాయో తెలియదు.

దాని దవడ పన్ను ఎంతుంటుందో నా బొటనవేలి చివర చూపించాను. అమ్మాయి అగ్గిపెట్టెలోంచి తన పన్ను తీసి నా వేలి పక్కన పెట్టింది. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది. దాని పాత చుట్టం దవడ ఒకటి మన దేశంలోనే, హిమాలయాల కింది కొండల్లో దొరికిందని చదివి వినిపిస్తే, అయితే మనకీ చుట్టమేనా అని అడిగింది. దూరపు చుట్టమన్నాను.

మా బాల్కనీలోంచి చూస్తే పక్కన కొత్త టవర్లు కట్టే సైటు. దాని అంచున ఒక పెద్ద రాతి గుండు, దాని మీద తలలాగా ఇంకో గుండు. ఎవరూ పెట్టకుండానే, ఏ గాలికీ దొర్లకుండా అలా నిలబడి ఉంది. ఈ ఊరి గుండ్ల వయసు ముందు ఆ వానరం కూడా నిన్న మొన్నటిదే. కానీ ఆ క్షణంలో నాకు అదేమీ తోచలేదు. పిల్లకి చూపించి, "అది కూర్చుంటే వెనక నుంచి అదిగో, అలా ఉండేదేమో," అన్నాను.

అంతవరకూ చెప్పి ఆగి ఉంటే బాగుండేది.

అన్నం తినని పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒక బూచాడు ఉంటాడు. మా అమ్మ దగ్గర గోనెసంచీ వాడు ఉండేవాడు. మా అమ్మాయి సంచీవాళ్ళకి, ఇంజెక్షన్లకి భయపడదు. ఒక రాత్రి బీరకాయ కూర ముందు పెట్టుకుని అరగంట కూర్చుంటే, నాకు ఓపిక నశించి వానరాన్ని పిలిచాను. అది పండ్లు తప్ప ఏమీ ముట్టనని మొండికేసిందని చెప్పాను. అడవి ఎండిపోతే దాని చుట్టం ఒరాంగుటాన్ దొరికింది తిని బతికిందని, ఇది మాత్రం పేచీ పెట్టి పెట్టి చిక్కిపోయి, ఒక్కటి కూడా మిగలకుండా పోయిందని చెప్పాను. "ఇంక నీ ఇష్టం," అన్నాను.

పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని నాలుగు ముద్దలు తినేసింది.

మా ఆయన ఆఫీసు కాల్‌లో ఉండి, హెడ్‌ఫోను ఒక చెవి మీంచి పక్కకి జరిపి నవ్వారు. "మూడు లక్షల ఏళ్ళ పాత కోడు. ఇంకా రన్ అవుతోందే," అన్నారు.

ఆ వారమంతా రన్ చేశాను. చిక్కుడుకాయకి, పెరుగన్నానికి, గుడ్డుకి. రోజురోజుకీ వానరం నా నోట్లో ఇంకాస్త మొండిదైంది. ఒకసారి మధ్యలో పిల్ల అడిగింది, దానికి ఎవరూ పెట్టలేదా అమ్మా అని. నేను గిన్నె అడుగున కూర గీకుతున్నాను. ఎవరు పెడతారు, ముందు నువ్వు తిను అన్నాను. ఆ ప్రశ్న నా చెవిన పడింది గాని, నేను వినలేదు.

మర్నాడు శుక్రవారం, నాకు ఇంటి నుంచే పని. స్కూలు బస్సు మూడున్నరకి గేటు దగ్గర ఆగుతుంది. పిల్లలిద్దర్నీ దింపుకుని పైకి తెచ్చేది ఆయమ్మ. నేను ఆవిణ్ణి అక్కా అంటాను. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద, పాలమూరు వైపు మనిషి. ఆవిడ భర్త పక్క సైటుకి కాపలా. సైటు అంచునే వాళ్ళ రేకుల గది. మీటింగు నడుస్తుండగా మైకు ఆపేసి బాల్కనీలో నిలబడ్డాను. బస్సు వచ్చింది. పిల్లలు దిగారు. ఆయమ్మతో కలిసి మా బ్లాకు వైపు రాకుండా గేటు దాటి, సైటు చుట్టూ కట్టిన నీలం రేకుల వెంట నడిచారు. ఒక రేకు పక్కకి జరిగింది. ముగ్గురూ లోపలికి వెళ్ళిపోయారు.

లాప్‌టాప్ అలాగే వదిలేసి ఇంట్లో వేసుకునే చెప్పులతోనే దిగాను. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగింది.

రేకు సందులోంచి వంగి లోపలికి వెళితే అక్కవాళ్ళ గది, దాని వెనకే గుండు. అన్నాళ్ళూ పైనుంచి చూసిన నాకు అది ఎంతుంటుందో తెలియదు. తలలా కనిపించిన పై రాయే మా హాలంత ఉంది. కింది రాయి మీద చెయ్యి వేస్తే ఏదో ప్రాణి ఒంటికి తగిలినంత వెచ్చగా ఉంది. నా భయం ఒక్క క్షణం నోరు మూసుకుంది. గుండు మొదట్లో మోకాలి ఎత్తున సింధూరం పూసి ఉంది. ఎండిన బంతిపూలు, కోసిన నిమ్మకాయ. వాటి ముందు మా అమ్మాయి గొంతుక్కూర్చుని, టేకాకు మీద బాక్సు బోర్లించి, అంటుకున్న మెతుకుల్ని వేలితో తీసి పెడుతోంది. మా అబ్బాయి పక్కన నిలబడి ఆ ఆకులోంచే పల్లీలు ఏరుకుని తింటున్నాడు.

"ఏంటక్కా ఇది?" అన్నాను.

"నిమ్మలంగ మాట్లాడు మేడం. బిడ్డ మొక్కుకుంటుంది."

"ఎవరికి?"

"ఆంజనేయస్వామికి. ఇంకెవలికి?"

ఆవిడ ముఖంలో తప్పు చేసిన జాడ లేదు. మెల్లగా అడిగితే అంతా చెప్పింది. ఆ గుండులో పెద్ద కోతి ఉందని, చాలా ఆకలిగా ఉందని, ఎవరూ పెట్టడం లేదని మా అమ్మాయి మొదటి రోజే చెప్పిందట. సైటు పని మొదలుపెట్టేటప్పుడు కూలీలు ఆ గుండుకి సింధూరం పూసి కొబ్బరికాయ కొట్టారు. గుండులో పెద్ద కోతి అంటే అక్కకి ఇంకెవరు తోస్తారు. పిల్ల స్కూల్లో తినకుండా బాక్సు అలాగే తెచ్చి పెడుతుంటే ఆవిడ ఇంకొకటి అనుకుంది.

"ఒక్కపొద్దు ఉంటుందనుకున్న మేడం. మా అత్త శనివారం శనివారం గిట్లనే ఉంటుండె. గింత చిన్న బిడ్డకు గంత భక్తి ఏందని నాకే కండ్లల్ల నీళ్ళొచ్చినయి. దేవునికి పెట్టేదాన్ని వద్దని ఎట్లంట?"

"ఏడేళ్ళ పిల్ల రోజూ ఒక్కపొద్దు ఉంటుందా అక్కా?"

"మీ ఆంధ్రోళ్ళల్ల ఎట్లుంటదో నాకేం ఎరుక," అంది. తర్వాత గొంతు తగ్గించి, ఇంటికి వెళ్ళాక రోజూ ఒక అరటిపండు పెడుతూనే ఉన్నానని చెప్పింది. కోప్పడడానికి నాకు చోటు దొరకలేదు. దేవుడిని ఆవిడ తెచ్చింది, ఆకలిని నేను తెచ్చాను.

అమ్మాయి లేచి తన కంపాస్ బాక్సు తెరిచింది. "అబద్ధం కాదమ్మా. రోజూ తినేస్తోంది. చూడు, దాని వెంట్రుక," అని ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

జానెడు పొడవు, నలుపూ తెలుపూ పట్టీలు, చివర సూదిలా ఉంది. అక్క దాన్ని చూసి, పిల్లకి వినపడకుండా నా చెవి దగ్గర చెప్పింది. "ఏదు ముల్లు మేడం. ముళ్ళపంది. గుండ్ల కింద బొక్కలల్ల ఉంటది."

వానరం గురించి చదివినప్పుడు పిల్లలకి చెప్పకుండా వదిలేసిన ముక్క ఒకటుంది. దాని ఎముకలు ఎందుకు మిగల్లేదంటే, ముళ్ళపందులు వాటిని గుహల్లోకి ఈడ్చుకుపోయి కొరికేసి ఉంటాయట. వాటి పళ్ళకి లొంగనివి దంతాలొక్కటే. అంటే ఆ మహా వానరానికీ మనకీ మధ్య కాలం ఒక్కటే అడ్డం కాదు, ఈ జంతువు పళ్ళు కూడా. ఇప్పుడు ఆ ముళ్ళపందుల చుట్టమొకటి నార్సింగిలో ఒక రాతి కింద కాపురముండి, నా చేతి పులిహోరని కరివేపాకుతో సహా తింటోంది.

ఈల వినపడింది. అక్క భర్త చేతిలో ఎర్రజెండాతో వచ్చి మమ్మల్నందర్నీ బయటికి తోలాడు. రోడ్డు అవతల నిలబడ్డాం. రెండో ఈల, మూడో ఈల, తర్వాత కాళ్ళ కింద నేల ఒక్కసారి ఎగిరింది. చప్పుడు ఆ తర్వాత వచ్చినట్టనిపించింది. మా అబ్బాయి నా చున్నీలో ముఖం దాచుకున్నాడు. దుమ్ము తగ్గాక చూస్తే గుండు మీద గుండు అలాగే ఉంది.

"ఇయ్యాల పేల్చింది గుంతల చిన్న గుండు మేడం," అన్నాడాయన. "రేపు పదకొండింటికి గా పెద్ద గుండును మందువెట్టి లేపుతరు. పిల్లల్ని బాల్కనీలకు రానియ్యకుండ్రి."

మా అమ్మాయి ఆ మాట విన్నది.

ఆ రాత్రి ఏమీ తినలేదు. ఏడవలేదు, పేచీ పెట్టలేదు. కంచం ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. వాళ్ళ నాన్న బుజ్జగించారు, ఐస్‌క్రీమ్ అన్నారు. వానరం ఆ గుండులోంచి వెళ్ళిపోయాక తింటానంది. ఎక్కడికి వెళుతుంది, దానికి వేరే అడవి తెలియదు కదా అని తనే అంది. బరువు చూసే మిషను మీద నిలబెడితే వేసవి సెలవుల్లో ఉన్నదానికన్నా తక్కువ చూపించింది. వీధి తలుపుకి పై గడియ వేసి, దాన్ని అందుకోవడానికి పనికొచ్చే స్టూలు తీసి మా గదిలో పెట్టుకున్నాను. తెల్లారకుండానే ఒక్కతీ ఆ రేకు సందులోకి వెళుతుందేమోనని నా భయం.

వాళ్ళు పడుకున్నాక అగ్గిపెట్టె ముందు పెట్టుకుని మళ్ళీ చదివాను. ఈసారి పిల్లని తినిపించడానికి పనికొచ్చే ముక్కల కోసం కాదు. దాని అడవిలో ఒకప్పుడు ఏడాది పొడుగునా పండ్లుండేవట. తర్వాత ఎండాకాలం, వానాకాలం వేరువేరయ్యాయి. చెట్లు పలచబడ్డాయి. చిన్న ఒళ్ళున్న ఒరాంగుటాన్ కొమ్మలు పట్టుకుని దూరం వెళ్ళగలిగింది, రకరకాలవి తినగలిగింది. దీని బరువు దీన్ని నేలకి కట్టేసింది. పండ్లు లేని నెలల్లో బెరడు నమిలింది, పుల్లలు నమిలింది. వేల ఏళ్ళు అలాగే నమిలింది. ఆ కష్టమంతా దంతాల్లో గీతలుగా మిగిలిందట. పాలదంతాల్లో కూడా ఒక గీత ఉంటుందని, అది బిడ్డ పుట్టిన రోజుదని, పురిటి కష్టం అందులో రాసి ఉంటుందని అప్పుడే తెలిసింది. అగ్గిపెట్టె తెరిచి మా అమ్మాయి పన్నుని దీపం కింద పెట్టి చూశాను. కంటికి కనిపించేది కాదని తెలుసు. ఆసుపత్రిలో ఆ తెల్లవారుజామున నాకు తొలిసారి వినిపించిన ఏడుపు ఇందులో ఎక్కడో ఉంది. మరి ఈ పది రోజుల ఆకలి, ఇంకా రాని ఏ పంటిలో రాసి ఉంటుందో.

పొద్దున్న ఇద్దర్నీ వంటింటి గట్టు ఎక్కించి కూర్చోబెట్టాను. ఉప్మా చేశాను, కాని ఎవరి ముందూ పెట్టలేదు. ముందు చెప్పాల్సింది చెప్పాలనుకున్నాను.

ఆ గుండులో వానరం లేదని చెప్పాను. అది చనిపోయింది, దాని పిల్లలు చనిపోయాయి, మనమెవరం పుట్టకముందే ఒక్కటి కూడా మిగలకుండా పోయాయి. నువ్వు పెట్టింది ముళ్ళపంది తిన్నది. ఇది వెంట్రుక కాదు, దాని ముల్లు.

"మరి ముళ్ళపంది?" అంది అమ్మాయి. కళ్ళు నిండిపోయాయి.

ఇన్నాళ్ళ చప్పుళ్ళకి రాత్రే ఇంకో గుట్టకి పోయి ఉంటుందనుకుంటున్నాను, ఖాయంగా తెలియదన్నాను. అది ఎక్కడైనా తవ్వుకుంటుంది, ఏదైనా తింటుంది.

"కరివేపాకు కూడా తింటుంది," అన్నాడు మా అబ్బాయి, అది పెద్ద ఘనకార్యం అన్నట్టు.

తర్వాత అసలు సంగతి చెప్పాను. వానరం మొండిది కాదు. పేచీ పెట్టి చనిపోలేదు. దొరికినంతకాలం పండ్లు తిన్నది, దొరకనప్పుడు చెట్టు బెరడు తిన్నది, పుల్లలు తిన్నది. చేతనైనదంతా చేసింది. అడవి మారినంత తొందరగా అది మారలేకపోయింది. నిన్ను తినిపించడానికి దాని మీద నేను లేనివి కల్పించి చెప్పాను.

"చాడీలు చెప్పకూడదు," అన్నాడు అబ్బాయి.

"చెప్పకూడదు. అమ్మ చెప్పింది. తప్పు."

అమ్మాయి ముల్లుని వేళ్ళ మధ్య తిప్పింది. అప్పుడు మళ్ళీ అడిగింది, ఆ రోజు అడిగిన ప్రశ్నే.

"దానికి ఎవరూ పెట్టలేదా?"

"పెట్టడానికి అక్కడ ఎవరూ లేరమ్మా. నువ్వుంటే పెట్టేదానివి. నాకు తెలుసు."

"ఇప్పుడు నేను తింటే దానికి ఏమైనా అవుతుందా?"

"ఏమీ అవదు. నువ్వు తిన్నా, తినకపోయినా అది తిరిగి రాదు," అన్నాను. ఇంక బూచాళ్ళెవరూ నా దగ్గర మిగల్లేదు. ఉన్నదే చెప్పాను. "నీ స్కర్టుకి పిన్నీసు చూసినప్పటి నుంచి నాకు చాలా భయంగా ఉంది. అందుకని తిను."